విజయనగరంలో సామాను రిక్షా తొక్కి బతకాలనుకుంటే

పాత బండి కొనేటప్పుడు నాలుగు సిమెంటు బస్తాలు వేసి తొక్కి చూడండి. ఖాళీ బండి ఏదైనా హాయిగానే నడుస్తుంది. 200 కిలోల బరువు పడ్డాక ఇరుసు వంకరున్నా, బేరింగుల్లో గోలీలు పగిలినా కరకరమంటూ అదే చెప్పేస్తుంది. తర్వాత చెయిన్ మీద అడుగు స్కేలు పెట్టండి. కొత్త చెయిన్‌లో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. చివరి పిన్ను స్కేలు దాటి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, బయటికి పోయిందంటే చెయినే కాదు, పళ్ల చక్రాలు కూడా అరిగుంటాయి. ఆ ఖర్చు బేరంలో తగ్గించి అడగండి.

మన రిక్షాల్లో చాలావాటికి తొక్కిన బలం వెనక ఒక్క చక్రానికే అందుతుంది. రెండోది ఊరికే దొర్లుతుంది. అందుకే ఒక పక్క టైరు ముందే బోడి అయిపోతుంది. నేను రెండు నెలలకోసారి అటుది ఇటు మారుస్తాను.

బరువు ఎక్కడ పెట్టాలన్నది నాకు ఎత్తు బ్రిడ్జి నేర్పింది. కొత్తలో బియ్యం బస్తాలన్నీ దింపడానికి వీలుగా ఉంటాయని వెనక అంచున పేర్చాను. బ్రిడ్జి ఎక్కడం మొదలెట్టగానే ముందు చక్రం గాల్లోకి లేచింది. హ్యాండిల్ పట్టుకుని నేను వేలాడుతున్నాను, బస్తాలు ఒక్కొక్కటే జారుతున్నాయి. రెండు పగిలి బియ్యం రోడ్డు పాలు. ఆ డబ్బు నేనే కట్టుకున్నాను. బరువంతా ఇరుసు మీద, నాలుగు వేళ్లు ముందుకే ఉండాలి. తాడు బస్తాల మీదుగా వేసి ఊరుకోకుండా ఫ్రేముకు కట్టి బిగించాలి. దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకండి, సీటు దిగి బండిని వెనక్కి పట్టుకుంటూ నడవండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మనుషుల్ని ఎక్కించుకునే రిక్షాకు ఇప్పుడు పెద్దగా పని లేదు, షేర్ ఆటోలు తినేశాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సంచులతో దిగే పెద్దవాళ్లు, ఇంటి గుమ్మం దాకా రమ్మనేవాళ్లు మాత్రం ఇంకా పిలుస్తారు. ఆడవాళ్లు ఎక్కితే కదిలే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. "అమ్మా, కొంగు ఒళ్లో పెట్టుకోండి" అనండి. చీర చక్రంలో చుట్టుకుంటే మనిషి కింద పడతారు.

ఇక డబ్బుల సంగతి. రెండు కిలోమీటర్లు దాటిన బేరం నేను ఒప్పుకోను. దూరం బేరం ట్రాలీ ఆటోవాడిది. వాడితో పోటీపడి రేటు దించితే మిగిలేవి మోకాళ్ల నొప్పులే. గంటస్తంభం చుట్టుపక్కల ఇరుకు సందుల్లో, జనం కిక్కిరిసిన వేళ, ఆటో హారన్ కొడుతూ నిలబడిపోయే చోట మనం దూరిపోతాం. అక్కడి షాపులే మనకు అన్నం పెడతాయి. నేను మొదట్లో స్టాండులో నిలబడి బేరం కోసం చూసేవాణ్ణి. పూటంతా చూస్తే ఒకటి తగిలేది. ఇప్పుడు అయిదు షాపులు వాడికగా ఉన్నాయి. వాళ్లకు రేటు కాస్త తక్కువ తీసుకుంటాను, టైముకు మాత్రం వెళ్లి తీరాలి. ఒకరోజు ఆలస్యమైతే షావుకారు, "ఏటయ్యా, ఆరింటికన్నావు, ఏడైపోయింది కదేటి?" అన్నాడు. మర్నాడు అక్కడ ఇంకొకడి బండి ఉంది. దాన్ని మళ్లీ దక్కించుకోవడానికి నాకు నెల పట్టింది.

రేటు చెప్పే ముందు మూడు అడగండి: ఎన్ని బస్తాలు, ఎన్ని మెట్లు, దింపేది ఎవరు. మెట్లెక్కించే కూలి వేరు అని ముందే అనేయాలి. మొహమాటపడ్డారా, సిమెంటు రెండో అంతస్తుకు మోసి బండి కిరాయే తెచ్చుకుంటారు. నేను తెచ్చుకున్నాను.

సీటు ఎత్తు చాలామంది పట్టించుకోరు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ పెడితే కాలు చాపుకున్నట్టు ఉండాలి. అంతకంటే సీటు కిందికుంటే మోకాలు అరుగుతుంది. పొద్దున్నే టిఫిన్ కన్నా చోడంబలి (రాగి అంబలి) మేలు, కాస్త ఉప్పు, ఉల్లిపాయతో. ఎండాకాలం పదకొండు నుంచి నాలుగు దాకా నేను బండి నీడన పెట్టి పడుకుంటాను. ఆ బేరాలు పోతే పోనీ.

రోజూ 50 రూపాయలు విడిగా డబ్బాలో వేస్తాను, ట్యూబుకూ టైరుకూ. ఇంట్లో ఎంత ఇబ్బందైనా దాన్ని ముట్టుకోను.

సిరిమాను వారం, అంటే పైడితల్లి అమ్మవారి జాతర వారం సంగతి కూడా చెప్పాలి. మంగళవారం పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి మాను, అదే సిరిమాను, తిరిగేటప్పుడు మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసకేస్తే రాలదు, అక్కడ బండి కదలదు. కాబట్టి కొట్లవాళ్లు సోమవారం తొలేళ్లకు (జాతర ముందురోజు ఉత్సవానికి) ముందే సరుకు నింపుకోవాలనుకుంటారు. వాళ్లు పిలిచేదాకా ఆగకండి. ఆదివారమే ఒకసారి వెళ్లి, "షావుకారుగారూ, రేపు ఎన్ని ట్రిప్పులు?" అని అడిగి రండి.