డ్రెస్సాజ్ గుర్రాన్ని మొదటి పోటీకి ఎలా తయారుచేయాలి?

డ్రెస్సాజ్ అంటే ముందే నిర్ణయించిన కదలికలను గుర్రంతో వరసగా చేయించి, జడ్జీల నుంచి మార్కులు తెచ్చుకునే స్వారీ పోటీ. ఆ వరసనే టెస్ట్ అంటారు. ప్రాథమిక స్థాయి డ్రెస్సాజ్ టెస్ట్ కాగితం చేతికొస్తే, ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. అరీనాలోకి తిన్నగా రావాలి, మధ్యలో ఆగి సెల్యూట్ చేయాలి, ట్రాట్‌లో (జోరు నడకలో) ఒక సర్కిల్ తిరగాలి, క్యాంటర్‌కి (నెమ్మది దౌడుకి) వెళ్లి మళ్లీ ట్రాట్‌కి రావాలి, కాసేపు పగ్గాలు వదులు చేసి నడిపించాలి. మామూలు స్వారీ గుర్రం ఏదైనా ఇవన్నీ చేస్తుంది. అయినా చాలామందికి పదికి మార్కులు 5కి, 6కి మధ్యే ఆగిపోతాయి. అరీనా అంచుల వెంట గుర్తులుగా పెట్టిన అక్షరాల్లో ఏ అక్షరం దగ్గర ఏం చేయాలో రౌతుకి తెలుసు, కానీ ఆ అక్షరం వచ్చాకే పని మొదలుపెడతారు. అక్కడ రావాల్సిన మార్కు అప్పటికే ఐదారు అంగల ముందు ఖరారైపోయి ఉంటుంది. కాబట్టి శిక్షణ అంతా ఆ ఐదారు అంగల్లో ఏం చేయాలన్నదాని చుట్టూ తిరగాలి.

ముందు నొప్పి సంగతి తేల్చుకోండి

పని మొదలుపెట్టే ముందు గుర్రం వెన్ను, కాళ్లు, పళ్లు పశువైద్యుడికి చూపించండి. గుర్రం పళ్లు అరుగుతూ పైకి వస్తూనే ఉంటాయి. అంచులు పదునెక్కి బుగ్గల్లో గుచ్చుకుంటే, కళ్లెం కాస్త తగలగానే తల ఎగరేస్తుంది. దాన్ని మొండితనం అనుకుని పగ్గాలు బిగిస్తే వ్యవహారం ఇంకా చెడుతుంది. జీను సంగతీ అంతే. పని పెరిగేకొద్దీ వీపు మీద కండ పెరుగుతుంది, మొదట్లో చక్కగా సరిపోయిన జీను తర్వాత భుజాల వెనక నొక్కడం మొదలుపెట్టవచ్చు.

ఒకవైపు మాత్రమే వంగనని మొరాయించడం, పొట్ట పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చడం, తోక అదేపనిగా విసరడం కనిపిస్తే ముందుగా నొప్పిని అనుమానించండి. క్రమశిక్షణ గురించి ఆలోచించడానికి తర్వాత బోలెడంత టైముంది.

జాతి గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. పై స్థాయిల్లో స్వారీ క్రీడల కోసం పెంచే యూరప్ వార్మ్‌బ్లడ్ జాతుల గుర్రాలే ఎక్కువ కనిపించినా, ప్రాథమిక టెస్టులకు మూడు నడకలూ శుభ్రంగా ఉండి, మనిషిని నమ్మే గుర్రం చాలు. వయసు విషయంలో మాత్రం ఓపిక పట్టాలి. మూడు నాలుగేళ్ల పిల్ల గుర్రానికి తేలికపాటి పని సరిపోతుంది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య గ్రాండ్ ప్రీ అనే అత్యున్నత స్థాయికి కనీస వయసు 8 ఏళ్లుగా పెట్టింది, చాలా గుర్రాలు అక్కడికి చేరేసరికి ఇంకా పెద్దవవుతాయి.

ఏది ముందు, ఏది తర్వాత

జర్మన్ శిక్షణా పద్ధతి నుంచి వచ్చిన ఆరు మెట్ల క్రమాన్ని ఇప్పుడు ఎక్కడైనా పాటిస్తారు: లయ, బిగువు లేకపోవడం, కళ్లెంతో సంబంధం, ఊపు, తిన్నదనం, చివరగా ఒంటిని కూడగట్టుకోవడం. చివరిదాన్నే కలెక్షన్ అంటారు. మొదటి పోటీకి వెళ్లేవాళ్లు మొదటి మూడింటి మీదే దాదాపు సమయమంతా పెట్టాలి.

లయ అంటే గిట్టలు నేలను తాకే వరస, ఆ వరసలో సమానత. వాక్‌లో (మామూలు నడకలో) నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో రెండు, క్యాంటర్‌లో మూడు, ఆ తర్వాత ఒక క్షణం నాలుగు కాళ్లూ గాల్లో. జీను మీద కూర్చుని పైకే లెక్కపెట్టండి. వాక్‌లో ఒకే పక్క కాళ్లు రెండూ దాదాపు కలిసి కదులుతున్నాయంటే వెన్ను బిగిసిందని గుర్తు. క్యాంటర్‌లో మూడు బదులు నాలుగు దెబ్బలు వినిపిస్తుంటే ఊపు చచ్చిపోయింది. రౌతు గుర్రాన్ని మరీ వెనక్కి లాగుతున్నప్పుడు తరచూ ఇలా జరుగుతుంది. ఈ రెండూ ఒకసారి అలవాటైతే పోగొట్టడం కష్టం, కాబట్టి మొదట్లోనే చెవి పెట్టి వినాలి.

బిగువు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. 20 మీటర్ల సర్కిల్‌లో ట్రాట్ చేస్తూ, పగ్గాలను వేళ్ల మధ్య నుంచి కొంచెం కొంచెంగా జారనివ్వండి. గుర్రం వేగం పెంచకుండా మెడను ముందుకీ కిందికీ చాచి, కళ్లేన్ని వెతుక్కుంటూ వెళ్తే వెన్ను పని చేస్తున్నట్టు. తల పైకెత్తినా, పరుగందుకున్నా ఇంకా బిగుసుకునే ఉంది. ఇది చాలా టెస్టుల్లో ఒక అంశం కూడా, కాబట్టి రోజూ చేసినా నష్టం లేదు.

కళ్లెంతో సంబంధం దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు. గుర్రం ముఖం అందంగా లోపలికి వంగి కనిపించాలని చేతులతో లాగుతారు. మెడ వంగుతుంది, ముక్కు ఛాతీవైపు వెళ్లిపోతుంది, వెనక కాళ్లు మాత్రం ఈడుస్తూనే ఉంటాయి. నా మాట అడిగితే, ముక్కు నిలువు గీతకు కాస్త ముందున్న సాదాసీదా గుర్రమే, చేతుల బలంతో మడిచిపెట్టిన మెడ కన్నా వెయ్యి రెట్లు మేలు. సంబంధం వెనక నుంచి ముందుకు రావాలి. పిక్కలు అడుగుతాయి, వెనక కాళ్లు శరీరం కిందికి అడుగేస్తాయి, ఆ శక్తి వెన్ను మీదుగా వచ్చి రౌతు చేతిలో మెత్తగా తగులుతుంది.

మిగిలిన మూడు మెట్లు పై స్థాయిలకు వెళ్లినప్పుడు వాటంతటవే ముందుకొస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: మనలో కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్టే గుర్రానికీ ఒక పక్క తేలిక, ఒక పక్క కష్టం. కష్టమైన పక్క ఎక్కువ సేపు రుద్దకుండా, చిన్న చిన్న విడతలుగా ఎక్కువసార్లు చేయించండి.

హాఫ్ హాల్ట్, మార్పులు

ఆ ఐదారు అంగల్లో చేయాల్సిన పని పేరే హాఫ్ హాల్ట్. ఇప్పుడొకటి మారబోతోంది, సిద్ధంగా ఉండు అని గుర్రానికి చెప్పే క్షణకాలపు సంకేతం అది. నడుము నిటారుగా చేసి కూర్చోండి, రెండు పిక్కలూ మెల్లగా ఆనించండి, బయటివైపు పగ్గం మీద వేళ్లు ఒక్క క్షణం మూయండి, వెంటనే వదలండి. వదలడమే గుర్రానికి దొరికే జవాబు. పట్టుకుని అలాగే ఉండిపోతే అది వట్టి లాగుడు అవుతుంది, గుర్రం కూడా తిరిగి లాగడం నేర్చుకుంటుంది.

దీన్ని నేర్పే చోటు మార్పుల్లో ఉంది. సర్కిల్‌లో పది అంగలు ట్రాట్, నాలుగైదు అంగలు వాక్, మళ్లీ ట్రాట్. ప్రతిసారీ మార్పుకి ముందు రెండు హాఫ్ హాల్టులు. కొన్ని రోజులకు గుర్రం మీ నడుము కదలికకే స్పందించడం మొదలుపెడుతుంది. అప్పుడు ట్రాట్ నుంచి క్యాంటర్‌కి వెళ్లండి. లోపలి పిక్క జీను పట్టీ దగ్గర, బయటి పిక్క కాస్త వెనక. ట్రాట్ పరుగులా మారిపోయిందంటే క్యాంటర్ అడగకండి. వాక్‌కి తెచ్చి, లయ కుదిరాక మళ్లీ అడగండి. పరుగులోంచి దూకిన క్యాంటర్‌కి ఏ జడ్జీ 5 దాటి ఇవ్వరు.

కాళ్ల బలంతోనే గుర్రాన్ని నడపాలనుకునేవాళ్లు డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ సంగతి తెలుసుకోవాలి. పోలియో వల్ల ఆమెకు మోకాళ్ల కింద కాళ్లు పనిచేసేవి కావు. ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో మహిళలకు తొలిసారి అవకాశమిచ్చిన 1952 హెల్సింకి క్రీడల్లో ఆమె రజతం గెలిచింది, 1956లో మళ్లీ గెలిచింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ సాయం కావాల్సిన మనిషి, జీను మీద కూర్చున్న తీరుతోనే గ్రాండ్ ప్రీ చేయించింది.

వారానికి నాలుగైదు రోజులు, రోజుకి 30 నుంచి 45 నిమిషాల పని చాలు. అందులో మొదటి పది నిమిషాలు వాక్. మధ్యలో తరచూ పగ్గాలు వదిలి విశ్రాంతి ఇవ్వాలి. వారంలో ఒకరోజు అరీనా ముఖం చూపించకుండా బయట తిప్పండి, ఒకరోజు పూర్తిగా సెలవు.

అరీనా లెక్కలు

ఇక్కడ ఉచితంగా దొరికే మార్కులున్నాయి, వాటిని చాలామంది వదిలేస్తారు. చిన్న అరీనా 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. పెద్దది 20, 60. ప్రవేశం 'ఏ' దగ్గర, ఎదురుగా 'సి' దగ్గర జడ్జి, సరిగ్గా నడిమధ్యన 'ఎక్స్'. చిన్న అరీనాలో 'ఏ' నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో బయల్దేరితే వరసగా కె, ఈ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ వస్తాయి. మూలలకు దగ్గరున్న కె, హెచ్, ఎం, ఎఫ్ అక్షరాలు మూల నుంచి 6 మీటర్ల దూరంలో ఉంటాయి.

'ఏ' దగ్గర 20 మీటర్ల సర్కిల్ అన్నప్పుడు ఆ 6 మీటర్ల లెక్క అక్కరకొస్తుంది. సర్కిల్ పొడవు గోడను తాకాల్సింది మూల నుంచి 10 మీటర్ల దగ్గర, అంటే కె, ఎఫ్ అక్షరాలు దాటి ఇంకో 4 మీటర్లు. అక్షరం దగ్గరే గోడ తాకితే సర్కిల్ కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్తుంది. చిన్న అరీనాలో ఆ సర్కిల్ రెండో చివర సరిగ్గా 'ఎక్స్' మీదుగా పోతుంది. పెద్ద అరీనాలో అయితే అదనంగా ఉండే 'వి', 'పి' అక్షరాలు కలిపే గీత 'ఏ' వైపు నుంచి 18 మీటర్ల దగ్గరుంటుంది కాబట్టి దాన్ని 2 మీటర్లు దాటాలి. సాధనలో ఆ నాలుగు బిందువుల దగ్గర కోన్లు పెట్టి, ఒక్కో పావు సర్కిల్‌కి ఎన్ని అంగలు పడుతున్నాయో లెక్కపెట్టండి. నాలుగు పావుల్లోనూ అంకె ఒకటే వస్తే ఆకారం కుదిరినట్టే. సర్కిల్ మూలల్లోకి వెళ్లకూడదు. సర్కిల్ కానప్పుడు మాత్రం మూలలోకి లోతుగా వెళ్లాలి, ఎందుకంటే తర్వాతి పనికి గుర్రాన్ని సిద్ధం చేసుకునే చోటు మూలే.

అక్షరం దగ్గర చేయడం అంటే రౌతు శరీరం ఆ అక్షరానికి సమానంగా వచ్చినప్పుడు చేయడం. గుర్రం ముక్కు అక్కడికి చేరగానే చేస్తే తొందరపడ్డట్టు.

మధ్యగీత మీద తిన్నగా రావడానికి చిట్కా ఏమిటంటే నెమ్మదించకపోవడం. మెల్లగా వెళ్తే వంకర్లు పోదనుకుని చాలామంది బ్రేకులేస్తారు, గుర్రం తాగినట్టు తూలుతుంది. చూపు 'సి' మీద పెట్టి, ట్రాట్ కాస్త చురుగ్గా ఉంచి రండి. 'ఎక్స్'కి ముందు రెండు హాఫ్ హాల్టులు, ఆపడం, నాలుగు కాళ్లూ చదరంగా కుదిరాయో లేదో కిందికి వంగి చూడకుండా సెల్యూట్.

టెస్ట్ నేర్చుకోవడం, నిబంధనలు

టెస్ట్‌ని కాగితం మీద గీసి, తర్వాత నేల మీద కాలినడకన తిరిగి గుర్తుపెట్టుకోండి. గుర్రంతో మాత్రం మొత్తం వరసను పదేపదే చేయించవద్దు. దానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, మీరు అడగకముందే 'సి' దగ్గర క్యాంటర్ అందుకుంటుంది. ముక్కలు ముక్కలుగా, వరస మార్చి చేయించండి. చాలా ప్రాథమిక పోటీల్లో పక్కన నిలబడి టెస్ట్ చదివి వినిపించడానికి అనుమతి ఉంటుంది, అయినా కంఠతా రావడమే మంచిది.

ఆ పోటీ నిర్వాహకుల నిబంధనల పుస్తకం ఒకసారి పూర్తిగా చదవండి. ప్రాథమిక స్థాయిలో మామూలు స్నాఫిల్ (మెలిక లేకుండా పగ్గాలు నేరుగా నోటికి పనిచేసే) కళ్లెమే వాడాలి. ముక్కు పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. హెల్మెట్ తప్పనిసరి. నాలుకతో టక్కుమనిపించినా, గొంతుతో అదిలించినా మార్కులు పోతాయి. ఇంట్లో గుర్రంతో కబుర్లు చెప్పే అలవాటున్నవాళ్లు దీన్ని ముందే మానుకోవాలి. నాలుగు కాళ్లూ అరీనా దాటినా, గుర్రం కుంటుతున్నట్టు తేలినా అక్కడితో అయిపోయినట్టే.

పోటీ రోజు

త్వరగా చేరుకోండి. ముందు గుర్రాన్ని చేత్తో పట్టుకుని చుట్టూ నడిపించి, జెండాలు, మైకులు, పూలకుండీలు చూడనివ్వండి. వార్మప్ ఎంతసేపన్నది గుర్రాన్ని బట్టి ఉంటుంది. ఉలికిపాటు గుర్రానికి ఎక్కువ వాక్, ఎక్కువ సర్కిళ్లు. బద్ధకపు గుర్రానికి తక్కువ సమయం, చురుకైన మార్పులు. వార్మప్ మైదానంలో ఎదురుపడ్డప్పుడు ఎడమ భుజాలు ఒకదాని పక్క ఒకటి వచ్చేలా దాటాలి. అక్కడ కొత్తగా ఏదీ నేర్పబోకండి. ఇంట్లో కుదరని పని ఆ ఇరవై నిమిషాల్లో కుదరదు, గుర్రం మాత్రం అలసిపోతుంది.

మీ వంతు వచ్చాక అరీనా చుట్టూ బయట తిరుగుతుంటారు, గంట మోగుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 45 సెకన్లలోపు 'ఏ' దగ్గర లోపలికి రావాలి. కంగారుపడనక్కర్లేదు, చిన్న అరీనా అయితే ఆ సమయం బాగానే సరిపోతుంది. మీకు అనువైన చేతివైపు నుంచే తిరిగి రండి.

మధ్యలో దారి తప్పితే జడ్జి గంట కొట్టి ఆపుతారు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతారు. చాలా దేశాల ప్రాథమిక టెస్టుల్లో మొదటి తప్పుకి 2 మార్కులు, రెండో తప్పుకి 4 పోతాయి, మూడోసారి పోటీ నుంచి తప్పిస్తారు. అంతర్జాతీయ పోటీల్లో ఇంకా కఠినం. గుర్రం ఒకచోట బెదిరిందనుకోండి, పోయింది ఆ ఒక్క మార్కే. దాన్ని సర్దుకునే తాపత్రయంలో తర్వాతి మూడు అంశాలు పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

మార్కుల కాగితం చదవడం

ప్రతి అంశానికి 0 నుంచి 10 వరకు మార్కు, అరమార్కులు కూడా ఇస్తారు. 5 అంటే బొటాబొటి, 6 సంతృప్తికరం, 7 ఓ మాదిరిగా బాగుంది, 8 బాగుంది. కొన్ని అంశాలకు మార్కు రెట్టింపు చేసి లెక్కిస్తారు, అవేమిటో ముందే గుర్తుపెట్టుకుంటే సాధన ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మొత్తం 260కి 169 వస్తే 65 శాతం.

కాగితంలో శాతం కన్నా పక్కన రాసిన మాటలు చూడండి. ఒకే మాట మూడు నాలుగు చోట్ల కనబడితే వచ్చే నెల పని అదే. 'తొందరగా', 'సిద్ధం కాలేదు' లాంటివి మార్పుల దగ్గరుంటే హాఫ్ హాల్ట్ దగ్గరికి వెళ్లండి. 'ఆకారం తప్పింది' అని ఉంటే కోన్లు బయటికి తీయండి. ఎక్కువ మార్కులొచ్చిన అంశాలనూ చూసుకోండి, అక్కడ గుర్రానికి ఏం నచ్చిందో తెలుస్తుంది.

వేర్వేరు జడ్జీల దగ్గర, వేర్వేరు మైదానాల్లో 65 శాతం నిలకడగా వస్తున్నాక పై స్థాయి టెస్ట్‌కి పేరివ్వండి. అంతవరకు పోటీ స్థాయి మార్చకపోయినా, ఇంట్లో పిక్క ఆనిస్తే పక్కకి జరగడం, 15 మీటర్ల సర్కిళ్లు, వాక్ నుంచి నేరుగా క్యాంటర్ నేర్పుతూ ఉండవచ్చు. ఇంటి పని పోటీ కన్నా ఒక మెట్టు పైనుంటే అరీనాలో గుర్రానికీ మీకూ ఊపిరాడుతుంది.