రైఫిల్ స్టాక్‌కు ఊడదీసే మ్యాగజైన్ బాటమ్ మెటల్ అమర్చడం ఎలా?

1962లో వచ్చిన రెమింగ్టన్ 700 రైఫిల్ మామూలు రకాల్లో తూటాలను స్టాక్, అంటే రైఫిల్‌ను పట్టుకునే చెక్క భాగం, లోపల దాగి ఉండే పెట్టెలోకి పైనుంచి ఒక్కొక్కటిగా నింపుకోవాలి. బీడీఎల్ రకానికి కింద తెరుచుకునే మూత ఉంటుంది, ఏడీఎల్ రకానికి అదీ ఉండదు. ఆ ఏర్పాటును తీసివేసి, చేత్తో ఊడదీసి మళ్లీ పెట్టుకోగల మ్యాగజైన్‌ను, అంటే తూటాల డబ్బాను, పట్టి ఉంచే బాటమ్ మెటల్‌ను, అంటే స్టాక్ అడుగున ఉండే లోహపు చట్రాన్ని, బిగించుకోవడం అమెరికాలోని వేటగాళ్లకూ గురి పోటీలకు వెళ్లేవారికీ మామూలైపోయింది. టెక్సస్‌లోని మా గ్యారేజీలో నా రైఫిళ్లకూ మిత్రుల రైఫిళ్లకూ ఈ పని చాలాసార్లు చేశాను; ఇతరులు చెడగొట్టి తెచ్చిన స్టాకులను అంతకంటే ఎక్కువే చూశాను. భారతదేశంలో లైసెన్సు లేకుండా తుపాకీకి మరమ్మతు చేయడాన్నే 1959 నాటి ఆయుధాల చట్టం నిషేధించింది కనుక, అక్కడి పాఠకులు దీన్ని తెలుసుకోవడానికే చదువుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో చూసి, చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనుక కొసన తూటా కూర్చునే గదిలో, చిటికెన వేలు పెట్టి తడిమి నిర్ధారించుకోవాలి. అసలు తూటాలను వేరే గదిలో పెట్టాలి. పదునైన ఉలులు రెండు, సన్నని ఆకురాయి, స్క్రూల బిగువును కొలిచే టార్క్ డ్రైవర్, ఎపాక్సీ జిగురు, పేలని డమ్మీ తూటాలు ఉంటే చాలు. చెక్కను చిన్న రోటరీ యంత్రంతో తొలిచేవారితో నేను ఏకీభవించను. అది రెప్పపాటులో గీత దాటిపోతుంది, ఉలి దాటాలంటే మన చెయ్యే దాటాలి.

బాటమ్ మెటల్ కొనేటప్పుడు అది స్టాక్‌లో తొలిచే ఏ గాడికి తయారైనదో చూడాలి. కొన్ని పాత బీడీఎల్ గాడిలోనే కూర్చుంటాయి. బ్యాడ్జర్ ఆర్డ్‌నెన్స్ అనే కంపెనీ ఎం5 నమూనా కొలతలను అనుసరించేవాటికి చెక్కను అదనంగా తొలచాలి. మ్యాగజైన్ అక్యురసీ ఇంటర్నేషనల్ కంపెనీ ఏఐసీఎస్ నమూనాదైతే మంచిది, ఎక్కడైనా దొరుకుతుంది. తరువాత యాక్షన్‌ను, అంటే బ్యారెల్ వెనుక ఉండే లోహ యంత్రాంగాన్ని, స్టాక్ నుంచి విడదీసి, పాత బాటమ్ మెటల్‌ను, లోపలి రేకు పెట్టెను తీసి పక్కన పెట్టాలి. ఇంతవరకు అరగంట పని.

అసలు కష్టమంతా ఎత్తు దగ్గర ఉంది. మ్యాగజైన్ పై అంచులు, అంటే తూటాను పట్టి ఉంచే పెదవులు, బోల్ట్‌కు, అంటే తూటాను చాంబర్‌లోకి తోసే కడ్డీకి, ఎంత దగ్గరగా నిలుస్తాయన్నదాన్ని బట్టే తూటా చాంబర్‌లోకి ఎక్కడమో ఎక్కకపోవడమో తేలుతుంది. గాడి లోతు ఎక్కువైతే మ్యాగజైన్ పైకి వచ్చి బోల్ట్ దాని పెదవులను రాసుకుంటూ పోతుంది. లోతు తక్కువైతే మ్యాగజైన్ కిందికి ఉండిపోయి బోల్ట్ తూటా మీదుగా ఖాళీగా జారిపోతుంది. ఎక్కువ తొలిచిన చెక్కను తిరిగి పెట్టలేము. ఒక మిత్రుడు తెచ్చిన రైఫిల్‌లో బీరు డబ్బా రేకు ముక్కలను మూడు పొరలుగా మడిచి పెట్టి ఉండడం చూశాను. తప్పు మ్యాగజైన్‌దనుకుని, ఆ యజమాని అప్పటికే మూడు మ్యాగజైన్లు మార్చాడు.

అందుకే ఎత్తును నిర్ణయించే పనిని నేను చెక్కకు ఎన్నడూ అప్పగించను. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, స్క్రూ బిగించిన చోట అణిగిపోతుంది. స్క్రూలు పోయే రెండు బెజ్జాలలో అల్యూమినియం పిల్లర్లు, అంటే చిన్న గొట్టపు ముక్కలు, నిలబెట్టి వాటి పొడవుతోనే ఎత్తును స్థిరపరచాలి. స్టాక్ బయటే యాక్షన్‌ను, పిల్లర్లను, బాటమ్ మెటల్‌ను స్క్రూలతో కలిపి బిగించి, మ్యాగజైన్ ఎక్కించి చూడాలి. మ్యాగజైన్‌ను అరచేత్తో పైకి నొక్కినప్పుడు బోల్ట్ దానికి తగలకూడదు. కిందికి లాగి పట్టుకున్నప్పుడు కూడా బోల్ట్ ముఖం తూటా అంచును గట్టిగా పట్టి ముందుకు తోయాలి. ఈ రెండూ నిలిచేదాకా పిల్లర్లను ఆకురాయి మీద కొద్దికొద్దిగా అరగదీయాలి. పెదవుల మీద మార్కర్ సిరా పూసి బోల్ట్‌ను పదిసార్లు ఆడిస్తే ఎక్కడ రాసుకుంటున్నదో సిరా చెరిగిన చోటు చెబుతుంది.

రెమింగ్టన్ 700 యాక్షన్ అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక పిల్లర్ల పైభాగాన్ని ఆ వంపుకు తగినట్టు అరగదీయాలి, లేదా ఎపాక్సీతో ఆ సందును నింపాలి. ఎపాక్సీ పోసే ముందు యాక్షన్‌కు, స్క్రూలకు మైనం దట్టంగా పట్టించడం మరిచిపోతే, స్టాక్, యాక్షన్ ఒకే ముద్దగా అతుక్కుపోతాయి.

చెక్కను ఆ కొలతకు తొలచడం దీని తరువాతి పని. బాటమ్ మెటల్‌కు మసి పట్టించి గాడిలో నొక్కాలి. నల్లగా అంటిన చోటల్లా ఉలితో పల్చగా గీకి, మళ్లీ నొక్కాలి. ఇందుకు ఇన్‌లెటింగ్ బ్లాక్ అని సీసాలలో అమ్ముతారు. నేను మాత్రం మా అమ్మ కాటుక పట్టిన పద్ధతిలో దీపపు సెగ మీద లోహాన్ని ఆడిస్తాను. మసి పొర పల్చగా ఉండి మచ్చ కచ్చితంగా పడుతుంది. బాటమ్ మెటల్ పిల్లర్ల మీద ఆనిన క్షణంలో ఉలి కింద పెట్టేయాలి. స్క్రూలు బెజ్జం గోడలకు తగలకుండా చుట్టూ ఖాళీ ఉండాలి. ట్రిగ్గర్ తన సందులో ఎక్కడా రాసుకోకూడదు. కొత్తగా తొలిచిన చెక్కకు రెండు పూతలు టంగ్ నూనె పట్టించి ఆరనివ్వాలి.

బిగించేటప్పుడు ముందు స్క్రూ, తరువాత వెనుక స్క్రూ. అల్యూమినియం పిల్లర్లున్న స్టాక్‌కు 65 అంగుళాల పౌండ్ల బిగువు నా లెక్క. పిల్లర్లు లేని చెక్కకు 45 దాటనివ్వను. బిగించాక బోల్ట్ మునుపటికంటే బరువుగా కదిలితే స్క్రూ పొడవైందని అర్థం, ముందు స్క్రూ కొస బోల్ట్ లగ్‌లకు, అంటే బోల్ట్‌ను బిగించి ఉంచే దాని ముందరి పళ్లకు, వెనుక స్క్రూ కొస బోల్ట్ ఒంటికి తగులుతుంది. స్క్రూ తీసి కొసను అరగదీసుకోవాలి. ఆపై రైఫిల్‌ను నిలువుగా పట్టుకుని, బ్యారెల్, స్టాక్ ముందు కొస కలిసే చోట వేలు ఆనించి, ఒక స్క్రూను వదులు చేయాలి. వేలి కింద కదలిక తెలిస్తే యాక్షన్ వంకరగా ఒత్తిడితో కూర్చుందన్నమాట, ఎపాక్సీ పని మళ్లీ చేయాలి.

చివరగా డమ్మీ తూటాలతో నిండిన మ్యాగజైన్ బోల్ట్ మూసి ఉండగానే లాచ్‌కు చిక్కుతున్నదా, బోల్ట్‌ను నెమ్మదిగా తోసినా వేగంగా తోసినా ప్రతి తూటా ఎక్కుతున్నదా చూడాలి. ఆ తరువాతే రేంజ్‌కు వెళ్లి అసలు తూటాలు ఇరవై కాల్చి, స్క్రూల బిగువును మళ్లీ కొలిచి, గురిని కొత్తగా సరిచేసుకోవాలి.