టిప్పర్ కొనేముందు బండి కిందకి దూరండి: కొత్తదైనా పాతదైనా ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా రంగు వేసిన పాత టిప్పర్ కనిపిస్తే నాకిప్పటికీ టెన్షనే. నా మొదటి బండి అలాంటిదే, బెంగళూరు పక్కన నెలమంగల దగ్గర ఒక యార్డులో కొన్నాను. తళతళలాడుతుంటే మురిసిపోయి అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టేశాను. మూడో నెలలో చిక్కబళ్లాపురం నుంచి జల్లి, అంటే కంకర లోడుతో వస్తుంటే వెనక ఏదో కిర్రుమంటోందని డ్రైవర్ పక్కకి ఆపి చూశాడు. బాడీ తిరిగే పిన్ను దగ్గర ఛాసిస్‌కి, అంటే బండినంతా మోసే ఇనప చట్రానికి, పాత వెల్డింగ్ అతుకు, పైన పుట్టీ, దాని మీద రంగు. ఆ అతుకు విచ్చుకుని నా చిటికెన వేలు దూరేంత సందయింది. బెంగళూరులో సివిల్ పనులు చేసే మనవాళ్లు చాలామంది "అన్నా, ఒక టిప్పర్ చూస్తావా" అని అడుగుతుంటారు, వాళ్లందరికీ చెప్పేది ఇదే వరసలో చెప్తాను.

ముందు పని తేల్చుకోండి, బండి తర్వాత. 30 అడుగుల రోడ్లున్న లేఅవుట్లలో ఇళ్ల సైట్లకి ఇసుక, జల్లి తోలాలంటే ఆరు చక్రాల బండి చాలు, పది చక్రాలది ఆ మలుపుల్లో తిరగడానికే పావుగంట పడుతుంది. రాయి కొట్టే క్రషర్ నుంచి పెద్ద సైట్లకి, రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లకి తోలితే పది చక్రాలు లేదా పన్నెండు. నగరం లోపల పగలు పెద్ద బండ్లని వదలని గంటలున్నాయి, రోడ్డుని బట్టి మారతాయి కాబట్టి రాత్రి ట్రిప్పులే లెక్కలో వేసుకోండి. మనూళ్లలో టిప్పర్‌ని హైవా అంటాం కదా, నిజానికి అది బాడీని లేపే జాకీ తయారుచేసే కంపెనీ పేరు. ఇక గనుల్లో తిరిగే అసలు సిసలు డంపర్లు వేరే జాతి, మన పక్కన మైసూరులో బీఈఎంఎల్ చేసేవి, వాటితో మనకి పనిలేదు.

బండి పేరు మీద నంబరు చదవడం సులువు. టాటా సిగ్నా 2823 అంటే బండీ లోడూ కలిపి 28 టన్నులు, ఇంజన్ సుమారు 230 హార్స్‌పవర్. భారత్‌బెంజ్ 3528 అంటే 35 టన్నులు, 280 హార్స్‌పవర్.

ఇక అసలు లెక్క, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బాడీని ఘనమీటర్లలో అమ్ముతారు, చట్టం మాత్రం టన్నుల్లో తూస్తుంది. 28 టన్నుల బండి ఖాళీగానే 10, 11 టన్నులు ఉంటుంది, అంటే లోడుకి మిగిలేది 17 టన్నులు. 16 ఘనమీటర్ల బాడీ బాగుందని తీసుకుని అంచుల దాకా ఎం శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) పోశారనుకోండి, ఘనమీటరుకి సుమారు 1.6 టన్నుల చొప్పున 25 టన్నులు దాటుతుంది. ఎనిమిది టన్నులు ఎక్కువ! ఓవర్‌లోడుకి మోటారు వాహన చట్టంలో 20,000 రూపాయల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2,000, అంటే ఒక్క ట్రిప్పుకి 36,000, ఎక్కువ సరుకు అక్కడే దించాలి కూడా. యూనిట్లలో చూసినా అంతే: యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, ఇసుకైతే నాలుగున్నర టన్నులు, కాబట్టి చట్టప్రకారం నాలుగు యూనిట్లు కూడా ఎక్కవు. ఆరు యూనిట్లు కొడుతుంది సార్ అని గర్వంగా చెప్పే ఓనరు బండిని నేను ముట్టుకోను, ఎందుకంటే రోజూ ఆ ఆరు యూనిట్లు మోసిన ఛాసిస్సే ఇప్పుడు నాకు అంటగడుతున్నాడు.

కొత్తదా పాతదా అంటారా? 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అందుకే పాత బండి బేరంలో అంతకుముందు కొన్న రేటు పట్టుకుని వేలాడే ఓనరుకి, అదే మోడల్ ఈరోజు కొత్తది ఎంతకొస్తోందో కొటేషన్ చూపించండి, సగం గొడవ తీరిపోతుంది. పాత బండికి ఫైనాన్సు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ, నెల కంతు చూస్తే ఒక్కోసారి కొత్తదానికీ పాతదానికీ పెద్ద తేడా ఉండదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) పెద్ద బండికి పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం ఖర్చు కూడా రాసుకోండి.

పాత బండి చూడ్డానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లారేదాకా ఆగండి. స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత తీసి దాని మీదే వదులుగా బోర్లించండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుమంటే ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు అరిగాయి. కిలోమీటర్లు చూసి మోసపోవద్దు, టిప్పర్ క్రషర్ క్యూలోనూ సైట్లోనూ నిలబడే ఎక్కువ నడుస్తుంది, మీటరు తిరగకపోయినా ఇంజన్ గంటలు గంటలు తిరుగుతూనే ఉంటుంది. ఈమధ్య బండ్లలో కంపెనీ ట్రాకింగ్ యాప్ ఉంటుంది, ఆ రికార్డు ఓనరు ఫోనులోనే చూపించమనండి.

తర్వాత కిందకి దూరండి, పాత చొక్కా వేసుకునే వెళ్లండి. టార్చి, తాళం చెవి చాలు. వెనక పిన్నుల దగ్గర, బోగీ (వెనక జంట ఇరుసులు) పైన ఛాసిస్ మీద రంగు గీకి చూడండి, సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది పగులే. కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) ఒకవైపు వాలాయా, అవి ఊగే ట్రనియన్ బుష్ అరిగి వదులైందా, ముందు టైరు ఒక పక్కే అరిగిందా చూడండి. పది టైర్లూ మార్చాలంటే రెండు లక్షల మాట, అది బేరంలోంచి తగ్గించాల్సిందే.

ఇప్పుడు జాకీ. పైన కరెంటు తీగలు లేవని చూసుకుని, చదును నేల మీద ఖాళీ బాడీ లేపమనండి. కుదుపులు లేకుండా ఒకే వేగంతో లేవాలి. సగంలో ఆపించి, బాడీ అంచు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, వెళ్లి టీ తాగి రండి. పది నిమిషాల్లో కిందకి జారిందంటే సీళ్లో వాల్వో పోయింది, బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో హైడ్రాలిక్ షాపువాడిని అడిగి ఖర్చు కనుక్కోండి. అడ్డు కడ్డీ పెట్టకుండా లేచిన బాడీ కింద తల దూర్చొద్దు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా సరే.

కాగితాలు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, ఆర్‌సీలో అక్షరం అక్షరం సరిపోవాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చలాన్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ చూడండి, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ప్రతి ఏడూ చేయించాలి. లోను తీరిందని నోటితో చెప్తే కాదు, ఫైనాన్సు కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్‌సీలో లోను పేరు తీసేయడానికి ఫారం 35 చేతికి రావాలి. ఆంధ్రా నంబరు బండి చవగ్గా వస్తుందని కొంటే అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీకి ఫారం 28 తీసుకోవాలి, 12 నెలలు మించి ఇక్కడే తిప్పితే కర్ణాటక నంబరు, ఇక్కడి ట్యాక్సు తప్పవు. ఇంకొకటి, అక్రమ ఇసుకలోనో రాయిలోనో దొరికి ఎక్కడైనా సీజ్ అయిందేమో, కేసు నడుస్తోందేమో తప్పకుండా అడగండి, గనుల చట్టం కింద బండినే పట్టుకుపోతారు.

డబ్బు బ్యాంకులోనే వేయండి. ఓనరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 సంతకాలయ్యాక పేరు మార్పుకి మీకు 30 రోజులు, ఇన్సూరెన్సు మార్పుకి 14 రోజులు. నేనైతే చివరి యాభై వేలు ఆర్‌సీ నా పేరుకి మారిన రోజే ఇస్తాను, దానికి ఒప్పుకోకపోతే టీ డబ్బులిచ్చి వచ్చేస్తాను.