పిల్లల క్యాంపులో విల్లు పట్టించే ముందు విజిల్ నేర్పండి

మొదటి రోజే పిల్లల చేతికి విల్లు ఇచ్చేయకండి. ముందు విజిల్ నేర్పించాలి: రెండుసార్లు ఊదితే గీత దగ్గరికి రావడం, ఒకసారి ఊదితే బాణం వేయడం, మూడుసార్లయితే విల్లు పక్కన పెట్టి నడిచి వెళ్లి బాణాలు తెచ్చుకోవడం, ఐదు లేదా అంతకంటే ఎక్కువ వినిపిస్తే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవడం. విల్లు లేకుండానే దీన్ని ఆటలా పది సార్లు ఆడించండి, బోర్ కొట్టినా సరే.

తర్వాత ఏ కన్ను బలమైనదో చూడాలి. రెండు అరచేతులతో చిన్న కంత చేసి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువుని చూడమని, ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కంతలోనే ఉంటుందో అదే గురి కన్ను. కుడిచేతి వాటం పిల్లల్లో కూడా కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది.

చిన్నపిల్లలకి లాగడానికి పది, పదిహేను పౌండ్ల బలం పట్టే విల్లు చాలు. అంతకంటే గట్టిగా లాగాల్సిన విల్లు ఇస్తే భుజాలు పైకెత్తి, ఒళ్లంతా వంచి లాగుతారు, ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం. లక్ష్యం ఐదారు మీటర్లలోనే పెట్టండి, తగిలితేనే కదా హుషారు! లాగిన చెయ్యి ప్రతిసారీ నోటి మూల దగ్గరే ఆగాలి.

బాణం లేకుండా నారి లాగి వదలనివ్వకండి, విల్లు విరిగిపోవచ్చు. జుట్టు ముడి వేయించండి, విల్లు పట్టే చేతికి మోచేతి కింద, నారి తగలకుండా కాపాడే గార్డ్ తప్పనిసరి. బాణం పీకేటప్పుడు వెనకాల ఎవరూ ఉండకూడదు, తోక కంటికి తగులుతుంది.