యాభై దాటాక కెండో: ముందు కాళ్ళ కింద నేల చూసుకోండి

నేను 53వ ఏట కెండో, అంటే వెదురు కర్రతో చేసే జపాన్ కత్తిసాము, మొదలుపెట్టినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నా భుజాన ఉన్న పొడుగు సంచి చూసి, "ఈ వయసుల కర్రసాము ఏంది సార్, తల పగుల్తది" అన్నాడు. అందరి భయమూ అదే. మూడేళ్ళయింది. ఎదుటివాడి కర్ర వల్ల నాకు తగిలిన గాయం ఒక్కటీ లేదు. వచ్చిన తిప్పలన్నీ నా మడమ, నా మోచెయ్యి, మా హాల్లో ఫ్యాను వల్ల వచ్చినవే.

కెండోలో దెబ్బ వేసేటప్పుడు కుడి పాదంతో నేలను దభీమని తొక్కుతూ ముందుకు దూకుతారు. దాని పేరు ఫుమికోమి. జపాన్‌లో దీన్ని చెక్క నేల మీద చేస్తారు. మంచి దోజోలో, అంటే సాధన చేసే హాల్లో, చెక్క కింద ఖాళీ ఉంటుంది కాబట్టి అడుగు పడినప్పుడు నేల కాస్త కుంగి లేస్తుంది. మన దగ్గరేమో ఇంట్లో గ్రానైటు, సెల్లార్లో సిమెంటు. అవి కుంగవు. ఆ దెబ్బంతా మడమకే. క్లాసులో వెనకబడ్డానన్న ఉక్రోషంతో వరసగా రెండు ఆదివారాలు మా సెల్లార్లో, కార్ల మధ్య, గంటసేపు ఉత్త కాళ్ళతో తొక్కాను. ఆ మర్నాడు పొద్దున మంచం దిగి అడుగు వేస్తే మేకు మీద కాలు పెట్టినట్టయింది. ఆరు వారాలు రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగాను.

కాబట్టి ఇంట్లో సుబురి, అంటే గాలిలో కర్ర ఆడించడం, పాదం నేలకు రాస్తూ జరపడం వరకే. తొక్కుడు చెక్క నేల మీద మాత్రమే. అక్కడ కూడా పాదమంతా ఒకేసారి ఆనాలి, మడమ ముందు పడకూడదు. మన ఊళ్ళో బ్యాడ్మింటన్ కోర్టులకు లోటు లేదు, చాలావాటికి అడుగున చెక్క ఉంటుంది. కానీ పైన పరిచిన మ్యాట్ ఉత్త పాదాన్ని పట్టేస్తుంది. పాదం ఆగిపోయి మోకాలు తిరిగిపోతుంది. ముందు నాలుగడుగులు జరిపి చూడండి, జారకపోతే ఆ రోజు దూకుడు మానేయండి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఎడమ కాలి విషయంలో. నిలబడినంతసేపూ ఎడమ మడమ కొంచెం లేచే ఉంటుంది, దూకేటప్పుడు తోసేదీ ఆ కాలే. ఆ బరువంతా మడమ వెనక లావుపాటి నరం, డాక్టర్లు అకిలిస్ టెండన్ అనేది, మోస్తుంది. నడివయసులో అది ఒక్కసారిగా తెగే ప్రమాదం ఉంది. తెగినవాళ్ళు చాలామంది ఎవరో వెనక నుంచి పిక్క మీద తన్నారనే అనుకుంటారు. పావుగంట ఒళ్ళు వేడెక్కకుండా దూకొద్దు. ఇంకో సంగతి. విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపుకి వెళ్ళి సిప్రోఫ్లాక్సాసిన్ అడిగి తెచ్చుకునే అలవాటు మనకుంది. ఆ రకం యాంటీబయాటిక్స్, లెవోఫ్లాక్సాసిన్ కూడా అందులోదే, ఈ నరాన్ని బలహీనపరచగలవు. 60 దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. కోర్సు అయిపోయాక కూడా ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరును అడిగే క్లాసుకి వెళ్ళండి.

షుగర్ ఉన్నవాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి. ఇది ఉత్త కాళ్ళ ఆట, మొదటి నెలలో బొబ్బలు రాక మానవు. పాదాలు మొద్దుబారుతుంటే ముందు డాక్టరు, తర్వాతే కెండో.

క్లాసులో నమస్కారాలకు రెండు రకాలుగా కూర్చోవాలి. సెయిజా అంటే దాదాపు మన వజ్రాసనమే. సొంక్యో అంటే మునివేళ్ళ మీద గొంతుకూర్చోవడం. ఇండియన్ టాయిలెట్ వదిలేసి ఇరవై ఏళ్ళయిన మోకాళ్ళకు ఇది పరీక్షే. మోకాళ్ళ సంగతి మొదటి రోజే మాస్టారికి చెప్పేయండి, నిలబడి నమస్కరించమంటారు. పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను చూసి తొందరపడొద్దు. కెండోలో పై స్థాయి అయిన ఎనిమిదో డాన్ పరీక్షకు కూర్చోవాలంటేనే 46 ఏళ్ళు నిండాలి!

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం క్లాసు పెట్టుకోకండి. గోడలు అప్పటికింకా సెగలు కక్కుతుంటాయి. పొద్దున ఆరింటికైతే నయం. మందపాటి నూలు చొక్కా, హకామా అనే వెడల్పాటి మడతల పంట్లాం, కొన్ని నెలల తర్వాత వాటి మీద కవచం, తలకి మెన్ అనే కమ్మీల శిరస్త్రాణం. చెమట ఆరే దారే ఉండదు. వెళ్ళేముందు ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. బీపీ మందు వాడేవాళ్ళు ఉప్పు సంగతి డాక్టర్ని అడగాలి. తల దిమ్మెక్కినా, ఒళ్ళు చలిగా అనిపించినా చెయ్యెత్తి పక్కకు రండి. మొహమాటపడితే మెన్ తాళ్ళు విప్పేలోగా పడిపోతారు.

షినాయ్, అంటే మనం ఆడించే ఆ కర్ర, నాలుగు వెదురు బద్దల కట్ట. మగవాళ్ళు వాడే 39 సైజుది 120 సెంటీమీటర్లు దాటకూడదు, 510 గ్రాములకు తగ్గకూడదు. ఆడవాళ్ళదైతే 440 గ్రాములు చాలు. మన ఎండలకు వెదురు ఎండి పేళ్ళు లేస్తుంది. విరిగిన బద్ద మెన్ కమ్మీల మధ్య నుంచి ఎదుటివాడి కంట్లో గుచ్చుకోవచ్చు. అందుకే ప్రతిసారీ కట్ట తిప్పుతూ బద్దల అంచుల మీద వేలు నెమ్మదిగా పోనివ్వండి. కొసనున్న తోలు తొడుగు చిరిగిందా, తాడు వదులైందా చూడండి. చిన్న పేడైతే ఉప్పు కాగితంతో రుద్దవచ్చు, చీలితే బద్ద మార్చాల్సిందే. కారు డిక్కీలో మాత్రం వదిలేయకండి. కుడిచేత్తో బిగించి పట్టినా మోచెయ్యి పోతుంది. బరువు మోయాల్సింది ఎడమచెయ్యి, అందులోనూ చివరి రెండు వేళ్ళు.

ఇక ఫ్యాను. షినాయ్ నెత్తి మీదకెత్తితే కొస ఎంత ఎత్తుకు పోతుందో సంబరంలో గుర్తుండదు. మా హాల్లో ఫ్యాను రెక్క ఒకటి ఇప్పటికీ వంకరే, తిరిగితే టకటకమంటుంది. టెర్రస్ మీదకి పొండి, బట్టలారేసే తీగలు చూసుకుని.