‘వేడి చేసింది’ అనుకుని ఆగిపోకండి: సుఖవ్యాధుల్ని గుర్తుపట్టడం, రాకుండా చూసుకోవడం

మూత్రం పోసేటప్పుడు మంట పుడితే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘వేడి చేసింది’. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగ మొదలవుతాయి. నీళ్లు సరిగా తాగక వచ్చిన మంటైతే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. గనేరియా అనే సుఖవ్యాధికి మన పెద్దలు పెట్టిన పేరు కూడా ‘సెగ’. ఆ పేరు వింటే మజ్జిగ తాగాలనిపించడంలో వింత లేదు. కానీ మంటతోపాటు చీము కనిపించినా, ఈమధ్య కండోమ్ లేకుండా కలిసి ఉన్నా అది మజ్జిగతో పోయేది కాదు.

ముందు చేయాల్సిన పని ఆ కలయిక జరిగిన తేదీ గుర్తు చేసుకోవడం. జబ్బు ఏదో ఊహించడానికి, పరీక్ష ఎప్పుడు చేయించాలో తేల్చడానికి డాక్టర్‌కి ఆ తేదీ కావాలి.

చీము, స్రావం

మగవాళ్లలో గనేరియా సాధారణంగా 2 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది. పసుపుపచ్చటి చిక్కటి చీము కారి లోదుస్తులకు మరకలవుతాయి. క్లమీడియా అనే మరో సుఖవ్యాధి నెమ్మది. 1 నుంచి 3 వారాలు పడుతుంది, స్రావం పలచగా ఉంటుంది, ఒక్కోసారి పొద్దున్నే ఒక బొట్టు మాత్రమే కనిపిస్తుంది. రెండూ కలిసి రావడం మామూలే కాబట్టి డాక్టర్లు తరచూ రెంటికీ కలిపే మందిస్తారు.

ఆడవాళ్లలో ఈ రెండూ చాలావరకు ఏ లక్షణమూ చూపించవు. చప్పుడు లేకుండా గర్భనాళాల దాకా పాకి పొత్తికడుపు నొప్పికి, పిల్లలు పుట్టకపోవడానికి, గర్భం నాళంలోనే నిలవడానికి దారితీస్తాయి. అందుకే భర్తకి చీము కారుతోందంటే, భార్యకి ఏ బాధా లేకపోయినా ఆమెకీ వైద్యం జరగాలి.

తెల్లబట్ట అంతా సుఖవ్యాధి కాదు. వాసన, దురద లేకుండా తెల్లగానో నీళ్లలానో అయ్యేది సహజం. పెరుగు విరిగినట్టు ముద్దలుగా, విపరీతమైన దురదతో వస్తే అది ఎక్కువగా ఫంగస్. షుగర్ ఉన్నవాళ్లకి, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకి ఎవరితో కలవకపోయినా వస్తుంది. పచ్చగా, నురగగా, దుర్వాసనతో ఉంటే మాత్రం ట్రైకోమోనాస్ అనే క్రిమిని అనుమానించాలి. ఇది కలయిక వల్ల వచ్చేదే, ఇద్దరూ మందు వాడాలి. డెట్టాల్ నీళ్లతో, సబ్బుతో యోని లోపల కడగొద్దు. అక్కడ కాపలా ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చి సమస్య ముదురుతుంది.

పుండ్లు

పుండు విషయంలో మొదట చూడాల్సింది నొప్పి ఉందా లేదా అని. నొప్పి లేనిదే ఎక్కువ మోసం చేస్తుంది.

సిఫిలిస్‌నే పల్లెల్లో సవాయి అంటారు. కలయిక తర్వాత 10 నుంచి 90 రోజుల్లో, ఎక్కువగా మూడో వారంలో, అంచులు గట్టిగా ఉన్న ఒకే ఒక్క పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. 3 నుంచి 6 వారాల్లో దానంతట అదే మానిపోతుంది, ఆ ఘనత కాస్తా మెడికల్ షాపులో కొన్న ఆయింట్‌మెంట్‌కి దక్కుతుంది. నిజానికి క్రిమి రక్తంలోకి చేరింది. కొన్ని వారాలకు ఒంటిమీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తాయి. అవీ పోతాయి. మందు పడకపోతే ఏళ్ల తర్వాత గుండెనో మెదడునో పట్టుకుంటుంది.

హెర్పిస్ దీనికి తలకిందులు. చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, చితికి, భగ్గుమని మండుతాయి. మొదటిసారి జ్వరం, గజ్జల్లో బిళ్లలు కూడా రావచ్చు. ఎసైక్లోవిర్ మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు, మళ్లీ మళ్లీ రావచ్చు. కాలీఫ్లవర్ పువ్వులాంటి పులిపిర్లు హెచ్‌పీవీ అనే వైరస్ పని, అవి బయటపడటానికి నెలలు పట్టొచ్చు.

తామరకి వాడే స్టెరాయిడ్ కలిసిన క్రీములు వీటిలో దేనిమీదా రాయొద్దు. పుండు రూపు మారిపోయి డాక్టర్ కూడా పోల్చుకోలేరు.

ఎక్కడికి వెళ్లాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. పరీక్ష, మందులు ఉచితం. మందులు రంగు డబ్బాల్లో ఇస్తారు: మూత్రనాళం నుంచి కారే స్రావానికి బూడిదరంగు, నొప్పిలేని పుండుకి తెలుపు, హెర్పిస్‌కి ఎరుపు. దగ్గర్లోని కేంద్రం కోసం 1097కి ఫోన్ చేయొచ్చు, దానికి డబ్బులు పడవు. మీ అంగీకారం లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం గుట్టుగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది.

ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, రెండు రోజుల సిప్రోఫ్లాక్సాసిన్‌తో సరిపెట్టొద్దు. గనేరియా క్రిమి మన దేశంలో ఆ మందుకి ఎప్పుడో అలవాటు పడిపోయింది. నోటితో, మలద్వారంతో కలయిక జరిగి ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, లేకపోతే అక్కడ చూడరు.

ఒకేసారి వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ రక్తపరీక్ష), హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ పరీక్షలు చేయించుకోండి. మరీ తొందరపడి చేయిస్తే ఉత్త ధైర్యమే మిగులుతుంది. హెచ్‌ఐవీ ర్యాపిడ్ పరీక్షలో లేదని వచ్చినా, కలయిక జరిగిన తేదీ నుంచి 90 రోజులు నిండాక మళ్లీ చూసుకోవాలి.

తొలి దశ సిఫిలిస్‌కి బెంజాథిన్ పెన్సిలిన్ సూది 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకీ సగం సగం, ఒక్కసారి వేస్తే చాలు. ఎప్పుడొచ్చిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. సూది పడిన 24 గంటల్లో జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. చచ్చే క్రిముల వల్ల వచ్చేదే అది. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం అలర్జీ, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 6 నెలలకు, ఏడాదికి వీడీఆర్‌ఎల్ మళ్లీ చేయించి రిపోర్టులో అంకె నాలుగో వంతుకి, అంటే 1:32 ఉన్నది 1:8కో ఇంకా కిందికో దిగిందా చూసుకోవాలి. సిఫిలిస్‌కే చేసే టీపీహెచ్‌ఏ అనే మరో రక్తపరీక్ష మాత్రం చాలామందికి నయమయ్యాక కూడా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు మెడికల్ పరీక్షలో దీనివల్ల ఇబ్బంది పడొచ్చు, వైద్యం చేయించుకున్న కాగితాలు దాచుకోండి.

ఇంట్లో మాట

ఇద్దరూ మందు వాడి, ఒంటి డోసు అయితే 7 రోజులు గడిచేదాకా కలవకూడదు. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి మళ్లీ అంటుతుంది. చెప్పకుండా భార్యకి మాత్రలు మింగించడం ప్రమాదం: ఆమె గర్భవతైతే క్లమీడియాకి వాడే డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు. క్లమీడియా నెలల తరబడి నిద్రాణంగా ఉండగలదు కాబట్టి, ఈరోజు బయటపడిందని నిన్నటి తప్పు వెతకడంలో అర్థం లేదు.

కండోమ్ ఎక్కడ విఫలమవుతుంది

చాలావరకు వాడకంలోనే. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికి, ఒరిపిడికి రబ్బరు పాడవుతుంది. గడువు తేదీ చూసి, పళ్లతో కాకుండా వేళ్లతో చింపాలి. కొన నొక్కి గాలి తీసి, తాకకముందే తొడగాలి. కొబ్బరినూనె, వాజిలిన్ రాస్తే నిమిషాల్లోనే లేటెక్స్ బలం పోతుంది, నీటి జెల్ వాడండి. ఒకదానిమీద ఒకటి రెండు తొడిగితే ఒరుసుకుని చిరుగుతాయి. పని అయ్యాక గట్టిదనం తగ్గకముందే మొదలు దగ్గర పట్టుకుని తీయాలి. ప్రభుత్వాసుపత్రుల్లో నిరోధ్ ఉచితం.

కండోమ్ కప్పని చర్మం నుంచి హెర్పిస్, హెచ్‌పీవీ, సిఫిలిస్ అంటుకునే అవకాశం మిగిలే ఉంటుంది. హెచ్‌పీవీకి టీకా ఉంది: 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 6 నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు. హెపటైటిస్ బీ టీకా పెద్దవాళ్లకి 0, 1, 6 నెలల్లో వేస్తారు.

కండోమ్ చిరిగి, అవతలివారికి హెచ్‌ఐవీ ఉందని అనుమానమైతే తెల్లారేదాకా ఆగకుండా ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే పెప్ మందు 72 గంటల లోపే మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. వృషణం ఉన్నట్టుండి వాచి నొప్పెట్టినా, జ్వరంతో పొత్తికడుపు పట్టేసినా అదే రోజు చూపించుకోవాలి.