బిల్డర్ దగ్గర కొత్త ఫ్లాట్ కొంటున్నారా? డబ్బు మీ చేతిలో ఉండగానే ఇవి చూసుకోండి

ముందే ఒక మాట. మోడల్ ఫ్లాట్ చూసి మనసు పారేసుకోకండి. చాలాచోట్ల లోపలి గదులకు తలుపులే పెట్టరు, గోడ నిండా అద్దాలు బిగిస్తారు, అలా చేస్తే పది బై పది గది కూడా హాల్లా కనిపిస్తుంది. అడగాల్సినవన్నీ డబ్బు మీ దగ్గరున్నప్పుడే అడగాలి. అప్పుడైతే మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతారు, తొంభై శాతం కట్టేశాక "సైట్‌లో ఉన్నానండీ, మళ్లీ చేస్తా" మొదలవుతుంది. నేను హైదరాబాద్ పద్ధతి రాస్తున్నాను, విజయవాడ, విశాఖల్లోనూ చాలావరకు ఇదే దారి, అక్కడ ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నమోదు చేసుకుని, కొన్నవాళ్ల ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థ) చూడాలి.

బ్రోషర్ మీద రెరా నంబర్ ఉంటే సరిపోదు. ఆ నంబర్‌ను రెరా వెబ్‌సైట్‌లో కొట్టి, అనుమతి ఎన్ని అంతస్తులకు వచ్చింది, పూర్తి చేస్తానని బిల్డర్ రాసిచ్చిన తేదీ ఏంటి, మూడు నెలలకోసారి పెట్టాల్సిన వివరాలు పెడుతున్నాడా లేదా చూడండి. సేల్స్ కుర్రాడు వచ్చే దసరాకి గృహప్రవేశం అంటాడు, అక్కడ తేదీ ఇంకో రెండేళ్ల తర్వాత ఉంటుంది. "మనది చిన్న అపార్ట్‌మెంట్, రెరా అక్కర్లేదు" అన్నా వెంటనే నమ్మకండి, స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటి, ఫ్లాట్లు కూడా ఎనిమిది మించితే నమోదు తప్పనిసరి. ఇక ప్రీలాంచ్ ఆఫర్లు. నమోదు కావాల్సిన ప్రాజెక్టులో అది కాకముందే బుకింగ్ తీసుకోవడమే 2016 రెరా చట్టం ప్రకారం తప్పు. "ఇప్పుడే మొత్తం కట్టేస్తే సగం ధరకే" అంటే దండం పెట్టి వచ్చేయండి.

తర్వాత కాగితాలు. మనవాళ్లు ఈశాన్యం మూల గురించి గంట మాట్లాడతారు, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపించే సర్టిఫికెట్) గురించి ఐదు నిమిషాలు కూడా మాట్లాడరు. లింక్ డాక్యుమెంట్లు (స్థలం ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు), ఈసీ, ఆమోదం పొందిన ప్లాన్ తీసుకుని మీ సొంత లాయర్‌కి చూపించండి, బిల్డర్ చెప్పిన లాయర్‌కి కాదు. "బ్యాంకు లోన్ ఇస్తోందిగా, ఇంకేం భయం" అనే మాట కూడా నమ్మొద్దు, బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు భద్రత.

మన దగ్గర ఎక్కువ అపార్ట్‌మెంట్లు స్థలం యజమాని, బిల్డర్ కలిసి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద కడతారు. ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకో అందులోనో, తర్వాత రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లోనో ఉంటుంది. మీరు కొనే నంబర్ యజమాని వాటాలో ఉంటే, బిల్డర్‌కి ఇచ్చిన అడ్వాన్స్‌కి యజమాని జవాబు చెప్పడు, ఇద్దరికీ పడకపోతే మధ్యలో నలిగేది మీరే. ఇంకొకటి చాలామందికి తెలియదు. ప్లాన్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, అతిక్రమించి కట్టకుండా పూచీగా మొత్తం కట్టుబడిలో పది శాతాన్ని కార్పొరేషన్ లేదా హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) తనఖా పెట్టించుకుంటుంది. అది ఎక్కువగా కింది అంతస్తుల్లో ఉంటుంది, ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఇక నివసించొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాకే విడుదలవుతుంది. ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్ మాత్రం చవగ్గా ఇస్తామంటే అది ఆ పది శాతంలో ఉందేమో ముందు అడగండి.

దగ్గర్లో చెరువు ఉంటే "లేక్ వ్యూ" అని సంబరపడేలోపు ఎఫ్‌టీఎల్ మ్యాప్ తీయండి, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు అందులో ఉంటుంది. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్, అందులో కట్టడానికి వీల్లేదు. 2024లో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించే హైదరాబాద్ సంస్థ) వచ్చి కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదనుకోండి.

ధర దగ్గరికి వద్దాం. 1,500 ఎస్ఎఫ్‌టీ, చదరపు అడుగు ఏడు వేలు, మొత్తం కోటీ ఐదు లక్షలు అంటారు. ఆ 1,500లో లిఫ్ట్, మెట్లు, కారిడార్ అన్నీ కలిపేస్తారు. కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల మీరు వాడుకునే చోటు, ఎంతో అడగండి, 1,050 అని తేలితే మీరు నిజంగా నడిచే అడుగుకి పది వేలు కడుతున్నట్టు. రెండు ప్రాజెక్టులు పోల్చాలంటే ఈ లెక్కతోనే పోల్చాలి. స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో కూడా అగ్రిమెంట్‌లో అంకెల్లో ఉండాలి. దీని మీద కార్ పార్కింగ్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి పోయేకొద్దీ పెంచే ధర), కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ ఉమ్మడి ఖర్చుల నిధి), ముందస్తు మెయింటెనెన్స్ వస్తాయి, రిజిస్ట్రేషన్‌కి తెలంగాణలో దాదాపు ఏడున్నర శాతం. పనిలో ఉన్న ఫ్లాట్ అయితే మామూలుగా 5 శాతం జీఎస్టీ, ఓసీ వచ్చాకే బుక్ చేసి మొత్తం డబ్బు కడితే అది లేదు. "రెడీ టు మూవ్" అని బోర్డు ఉన్నా ఓసీ లేకపోతే జీఎస్టీ పోదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కట్టే ఆదాయపన్ను) ఇచ్చే ధరలోంచి మీరే కోసి ప్రభుత్వానికి కట్టాలి. కొంత క్యాష్ ఇమ్మంటే వద్దనండి, రేపు గొడవైతే ఆ డబ్బు ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు.

రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కి లేదు. బయానా ఇచ్చేసి, "అగ్రిమెంట్ తర్వాత చూద్దాం" అనే మాటకి తలూపకండి. అందులో టైల్స్, వైర్లు, కుళాయిలు ఏ కంపెనీవో పేరుతో ఉండాలి, "లేదా దానికి సమానమైనది" అన్న ముక్క కొట్టేయించగలిగితే ఇంకా మంచిది. ఆలస్యానికి వడ్డీ రెండువైపులా ఒకేలా ఉందా చూడండి. రెరా నిబంధనల ప్రకారం ఎస్‌బీఐ గరిష్ఠ ఎంసీఎల్ఆర్ (బ్యాంకు అప్పుల వడ్డీకి లెక్కగా తీసుకునే రేటు) మీద అదనంగా రెండు శాతం, అది మీకూ వర్తిస్తుంది, బిల్డర్‌కీ వర్తిస్తుంది. "ఆలస్యమైతే అడుగుకి ఐదు రూపాయల అద్దె ఇస్తాం" లాంటి క్లాజులు కనిపిస్తే పేచీ పెట్టండి.

తాళాలు తీసుకునే రోజు పూలదండలు, స్వీట్లతో హడావిడి చేస్తారు. దానికి ముందే ఒకరోజు పగటిపూట, వీలైతే వాన పడిన మర్నాడు, ఇద్దరు వెళ్లండి. బాత్రూమ్ గుమ్మం దగ్గర బకెట్ నీళ్లు గుమ్మరించి ఊరికే నిలబడండి, నీళ్లు జాలీ వైపు పోతున్నాయా, కమోడ్ వెనక మూలలో నిలిచిపోతున్నాయా తెలిసిపోతుంది. బాల్కనీలోనూ అంతే. తాళంచెవితో టైల్స్ ఒక్కొక్కటీ తట్టండి, డొల్ల శబ్దం వచ్చినవాటి మీద చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. ఫోన్ చార్జర్‌తో ప్రతి ప్లగ్ చూడండి. కిటికీ కింద గోడ మీద, పై ఫ్లాట్ బాత్రూమ్ వచ్చే చోట మీ సీలింగ్ మీద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. హ్యాండోవర్ లెటర్‌లో "అన్నీ సరిచూసుకున్నాను, ఎలాంటి ఫిర్యాదులూ లేవు" అనే వాక్యం ఉంటుంది. దాన్ని కొట్టేసి, మీరు చూసిన లోపాలన్నీ ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టండి, మేనేజర్ మొహం మాడినా సరే. ఓసీ కాపీ చేతికి రాకుండా చివరి వాయిదా కట్టకండి.

చేరిన తర్వాత కట్టుబడిలో, పనితనంలో లోపం బయటపడితే, తాళాలిచ్చిన నాటి నుంచి ఐదేళ్ల లోపు మీరు చెబితే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాల్సిన బాధ్యత బిల్డర్‌దే. వాట్సాప్‌లో ఫొటో పెట్టి ఊరుకోకుండా తేదీ వేసి ఈమెయిల్ గానీ, రిజిస్టర్డ్ పోస్ట్ గానీ పంపండి, రెరాకి వెళ్లాల్సి వస్తే మొదట అడిగేది అదే.